నిధి కోసం తోమార్ వెళ్లాం

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో రైలెక్కిన దగ్గర్నుంచీ మా బావమరిది ఒకటే గొడవ. "బావా, టెంప్లర్ల నిధి ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది." యూట్యూబ్ వీడియోలు చూసి చూసి వాడికి ఆ పిచ్చి పట్టింది. టెంప్లర్ల కోట ఉన్న తోమార్ ఊరు చేరడానికి పట్టిన రెండు గంటలూ వాడు చెప్పడం, నేను ఊ కొట్టడం.

టెంప్లర్లంటే సన్యాసం పుచ్చుకున్న సైనికులు. జెరూసలేం వెళ్లే క్రైస్తవ యాత్రికులకు దారిలో కాపలా కాయడానికి 1119 ప్రాంతంలో మొదలైన సంఘం వాళ్లది. తెల్ల అంగీ, దాని మీద ఎర్ర శిలువ. పెళ్లి లేదు, సొంత ఆస్తి లేదు. సంఘానికి మాత్రం ఊళ్లకు ఊళ్లే ఉండేవి. ఒక ఊళ్లో డబ్బు కట్టి చీటీ తీసుకుంటే ఇంకో దేశంలో చూపించి తీసుకోవచ్చు. రాజులకే అప్పులిచ్చారు. కొంప మునిగింది అక్కడే.

స్టేషన్ నుంచి కోట దాకా అంతా ఎక్కుడే. దారిలో చౌరస్తాలో కోట కట్టించిన గ్వాల్దిం పాయిష్ విగ్రహం కనిపించింది. పోర్చుగల్ టెంప్లర్లకు ఆయన పెద్ద, 1160లో ఈ కోటకు పునాది వేశాడు. 1190లో మొరాకో సేనలు చుట్టుముడితే ఆరు రోజులు నిలబడి వెనక్కి పంపారు. అందుకే ఒక ద్వారానికి నెత్తుటి వాకిలి అని పేరు. ఈ ముట్టడి గురించి ఒక శాసనం ఉంది. అందులో శత్రువుల లెక్క నాలుగు లక్షల గుర్రపు దళం, ఐదు లక్షల కాల్బలం! మన శాసన కవులే అనుకున్నాను, వీళ్లూ తక్కువ తినలేదు.

లోపలున్న కట్టడాన్ని క్రీస్తు కాన్వెంట్ అంటారు. మనకు కాన్వెంటంటే టై కట్టుకుని వెళ్లే బడి గుర్తొస్తుంది గానీ, ఇది మఠం. దాని నడుమ టెంప్లర్ల గుండ్రటి ప్రార్థనా మందిరం, షరోలా. బయట పదహారు పలకలు, లోపల మధ్యలో ఎనిమిది స్తంభాల మండపం. యోధులు గుర్రం దిగకుండానే దీని చుట్టూ తిరుగుతూ ప్రార్థన వినేవారని ఒక కథ. మా వాడు చేతులు చాపి ఆ సందు కొలిచాడు. "పడుతుంది బావా!" గుర్రం పడుతుందేమో, అది పూజ అయ్యేదాకా ఊరుకుంటుందా అన్నది నా అనుమానం.

1307 అక్టోబర్ 13, శుక్రవారం తెల్లవారుజామున, వీళ్లకు బాకీ పడ్డ ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ తన రాజ్యంలోని టెంప్లర్లను పట్టించాడు. చిత్రహింసలు పెట్టి మతద్రోహం ఒప్పించారు. 1312లో పోప్ సంఘాన్నే రద్దు చేశాడు. 1314 మార్చిలో ఆఖరి అధిపతి జాక్ ద మొలేని పారిస్‌లో కాల్చేశారు. మంటల్లోంచి రాజునూ పోప్‌నూ శపించాడంటారు. పోప్ మరుసటి నెలలోనే పోయాడు, రాజు నవంబర్‌లో. శాపం కథ పుట్టడానికి ఇంకేం కావాలి!

నిధి ఓడలెక్కి మాయమైందనే కథ కూడా అలా పుట్టిందే. పోర్చుగల్‌లో జరిగింది మాత్రం వేరు. రాజు దినీష్ వీళ్లని హింసించలేదు. 1319లో క్రీస్తు సంఘమని కొత్తది పెట్టించి టెంప్లర్ల ఆస్తులన్నీ దానికిప్పించాడు. బోర్డు మారింది, కొట్టు అదే. నౌకాయాత్రల హెన్రీ అనే పోర్చుగల్ రాకుమారుడు 1420 నుంచి దాని పెత్తనం చూశాడు, ఆ డబ్బుతోనే ఆఫ్రికా తీరం వెంబడి ఓడలు నడిపించాడు. 1456లో పోప్ ఇండియా దాకా మతాధికారం ఈ సంఘానికి రాసిచ్చేశాడు. అప్పటికి ఒక్క పోర్చుగీసు ఓడైనా మన తీరం చూడలేదు.

మఠంలో అందరూ ఫోటోలు తీసుకునే కిటికీ ఒకటుంది. రాతిలో చెక్కిన తాళ్లు, ముడులు, పగడాలు, సముద్రపు నాచు. పైన ఆ సంఘం శిలువ. ఎక్కడో చూశానే అనుకున్నాను. మా సోషల్ పుస్తకంలో వాస్కోడగామా ఓడ తెరచాపల మీద చూశాను. దానికి ఎర్ర స్కెచ్ పెన్‌తో రంగు కూడా వేశాను. అదే వాస్కోడగామా 1502లో రెండోసారి వచ్చినప్పుడు, మక్కా యాత్ర చేసుకుని వస్తున్న ఓడని మలబారు తీరంలో పట్టుకుని, ఆడవాళ్లతో సహా వందల మందిని ఓడతో పాటు తగలబెట్టించాడు. మొదట యాత్రికుల కాపలాకని కుట్టుకున్న శిలువ ఇది.

ఆ సంగతి మా వాడికి చెప్పాను. వాడు చూసిన వీడియోల్లో ఇది లేదట. కాసేపు కిటికీ వైపే చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

కిందికి దిగాక ఆ ఊరి స్వీటు తిన్నాం. ఉత్త పచ్చసొనలు గిలక్కొట్టి, ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి పాకంలో వేస్తారు. మూడో ముక్క నోట్లో ఉండగా రైలు టైమైంది.