ఆగస్టు 16
జెండా పండగ స్టేటస్‌లు ఇంకా పోనేలేదు, పొద్దున్నే "చరిత్రలో ఈ రోజు" ఫార్వర్డ్ వచ్చేసింది. 1886లో రామకృష్ణ పరమహంస నిర్యాణం. 1946లో కలకత్తా మారణకాండ మొదలైన రోజు. 2018లో వాజ్‌పేయి గారు పోయారు. అన్నీ నిజమే. మరి మన గోదారి ఏదండీ?

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 దగ్గర. దాని మీద ఇంకో 22 అడుగుల పైమాటే! ధవళేశ్వరం ఆనకట్ట మీంచి 35 లక్షల క్యూసెక్కులు. గోదారి పాయల మధ్యనుండే మా లంక ఊళ్లల్లో ఏ వరదొచ్చినా ఇప్పటికీ కొలిచేది దాంతోనే.

2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులని టీవీలో ఊదరగొడుతుంటే మా మావయ్య అటు చూడనైనా చూడలేదు.

"ఎనభై ఆరుని దాటిందేంట్రా?"

"లేదు మావయ్యా, నాలుగడుగులు తక్కువ."

"అయితే బియ్యం అటకెక్కించండి. గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలెయ్యండి."

భద్రాచలం నీళ్లు మా లంకల దాకా రావడానికి ఒక రోజు అటూఇటూ పడుతుంది కదా, లంకోళ్ల సర్దుళ్లన్నీ ఆ కాస్త గడువులోనే. కంగారు పడేది మాలాంటి కుర్రకారే.

ఎనభై ఆరులో నీళ్లు మా అరుగు దాకా వచ్చాయా, కిటికీ దాకా వచ్చాయా అని మావయ్యకీ అత్తకీ ఏటా తగువే. ఈ ఏడు అత్తే నెగ్గింది.