క్రాన్స్ వ్యాధి అని తేలేవరకు: నా అనుభవం

ఎనిమిది నెలల పాటు కడుపునొప్పి, విరేచనాలు, నానాటికీ తగ్గుతున్న బరువుతో అవస్థపడిన తరువాత గానీ నాది క్రాన్స్ వ్యాధి, అంటే పేగులో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బు, అని తేలలేదు. మొదట చూసిన వైద్యులు ఇదంతా ఆందోళన వల్లనేనని మందులిచ్చి పంపారు. మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ ఎంత ఉందో అప్పుడే చూసి ఉంటే అన్ని నెలలు వృథా అయ్యేవి కావని ఇప్పటికీ బాధపడుతుంటాను. పేగులో వాపు ఉన్నప్పుడు తెల్ల రక్తకణాల నుంచి వెలువడే ఆ ప్రోటీన్ నాకు బాగా ఎక్కువగా ఉందని తెలిశాకే కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేశారు.

తరువాత డాక్టరుగారు చూపించిన చిత్రం ఇంకా కళ్లలో మెదులుతోంది: చిన్నపేగు చివరి భాగంలో తెల్లటి అడుగు, ఎర్రటి అంచులు ఉన్న పుండ్లు, వాటిని ఆనుకునే ఏమాత్రం చెడని నునుపైన పొర. పేగులోంచి చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీ పరీక్ష కూడా క్రాన్స్ అనే చెప్పింది.

"మా మేనత్తకూ ఇదే జబ్బు ఉండేది, నాకు వంశపారంపర్యంగానే వచ్చిందా, డాక్టరుగారూ?" అని అడిగాను. "జబ్బుకు లోబడే గుణం మాత్రమే వంశంలో వస్తుందండీ" అంటూ ఆవిడ మందుల చీటీ వెనక పేగు గోడ బొమ్మ గీశారు. ఆ గోడలోని గుంటల అడుగున ఉండే పానెత్ కణాలు సూక్ష్మజీవులను అదుపులో ఉంచే పదార్థాలను స్రవిస్తాయి. బాక్టీరియా గోడ ముక్కలను గుర్తుపట్టడానికి తోడ్పడే నాడ్2 జన్యువుకు ఈ వ్యాధితో సంబంధం ఉందని 2001లో బయటపడింది. అందులో లోపం ఉంటే ఆ కాపలా సడలుతుంది. అయినా ఆ లోపం ఉన్నవారిలో చాలామందికి జబ్బు రానే రాదు, ఒకే రూపు కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి వచ్చితీరాలని లేదు. అందుకే నేను కోరినా జన్యు పరీక్ష రాయలేదు, దానితో వైద్యం మారదన్నారు.

మిగతా కథ సూక్ష్మజీవులది. బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేసి పెద్దపేగు కణాలకు శక్తినిచ్చే ఫీకాలిబాక్టీరియం వంటి పేగు బాక్టీరియా క్రాన్స్ రోగులలో తరచు తగ్గి ఉంటాయి. వాపు వాటిని ఇంకా తగ్గిస్తుంది, అవి తగ్గినకొద్దీ వాపును అణచే శక్తి సన్నగిల్లుతుంది. ఈ వలయాన్ని సిగరెట్ మరింత బిగిస్తుందని తెలిసిన రోజే నేను మానేశాను.

మందులు మొదలుపెట్టిన ఏడాదికి మళ్లీ కొలనోస్కోపీ చేశారు. రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు, పుండ్లు ఉన్న చోట సన్నటి తెల్లని మచ్చలు మాత్రమే కనిపించాయి.