పార్సిల్‌లో పంపలేని మొక్కు

2023 వానకాలంలో మా పాపకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే నేను ఆస్పత్రిలో రిపోర్టులు పట్టుకొని కూర్చున్నాను. అమ్మ హనుమకొండలో గడప మీద నిలబడి సమ్మక్క తల్లికి మొక్కింది. పిల్ల లేచి తిరిగితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మా దగ్గర బంగారమంటే బెల్లం. మనిషి ఎంత బరువుంటే అంత.

2024 ఫిబ్రవరిలో మేడారం సమ్మక్క జాతర వచ్చింది. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఆర్టీసీ వాళ్లే ప్రసాదం ఇంటికి తెచ్చిస్తామన్నారు. ఆ రద్దీ తలుచుకుంటేనే నాకు టెన్షన్. "ఇంటికే తెప్పిద్దామమ్మా" అన్నాను.

"మొక్కింది నేను బిడ్డా. కాళ్లున్నన్ని రోజులు నేనే పోవాలె" అంది.

గురువారం పొద్దున్నే ముగ్గురం జాతర బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ లేదు, బస్సు నిండా ఆడవాళ్లే. కుట్టుమిషన్ నడిపే ఆవిడ, నర్సు, డిగ్రీ పిల్లలు. నా పక్క సీటావిడ భర్త ఇవేవీ నమ్మడట. "ఆయన నమ్మకం ఆయనది, నాది నాది" అని సద్ది మూట విప్పి మాకూ పెట్టింది.

మా అమ్మమ్మ ఈ మాట అనగలిగేది కాదు. ఆమె రోజుల్లో ఊరంతా ఎడ్లబండ్లు కట్టుకొని అడవిలో వారం ఉండి వచ్చేవాళ్లు. ఎప్పుడు బయలుదేరాలో మగవాళ్లు చెప్పేవాళ్లు. ఎవరి బండి ముందు, ఎవరిది వెనక అన్నది కులాన్ని బట్టి నడిచేదట. నమ్ముతావా అని ఎవరూ అడిగేది లేదు, ఊళ్లో పుట్టినందుకు పోవడమే. ఇప్పుడు ఎవరికి వాళ్లం నిర్ణయించుకొని వస్తున్నాం. నాకిది మంచి మార్పే అనిపిస్తుంది. కానీ ఆ చెట్ల కింద వంటలు, రాత్రిళ్లు చెప్పుకున్న కథలు పోయాయి. పొద్దున పోయి తెల్లారేసరికి ఇంటికి రావాలని చూస్తున్నాం. అది మాత్రం బాధే.

ములుగు దగ్గర గట్టమ్మకు దండం పెట్టుకొని, జంపన్నవాగులో స్నానాలు చేసి, బెల్లం కొట్టు దగ్గరికి చేరాం. పాప కాంటా ఎక్కింది. 41 కిలోలు. దానికి 14 ఏళ్లు, దేవుడి గురించి ఇంట్లో రోజూ వాదిస్తుంది. బలవంతంగా తెచ్చామేమోనని అడిగాను. "దేవత సంగతి నాకు తెలీదమ్మా. నేను చచ్చిపోతానని అమ్మమ్మ ఎంత భయపడితే మొక్కుంటుంది! అందుకే వచ్చాను" అంది. నాకు మాట రాలేదు. ఇన్నేళ్లుగా నేను నమ్ముతున్నానో లేదో తేల్చుకోలేక గుళ్లకు దూరంగా ఉన్నాను. అది ఆ ప్రశ్న పక్కనపెట్టి 41 కిలోల బెల్లం ముందు నిలబడింది.

చీకటి పడ్డాక చిలకలగుట్ట వైపు నుంచి తుపాకీ మోత వినిపించింది. సర్కారు పోలీసులు గాలిలోకి కాల్చి సమ్మక్కకు స్వాగతం చెబుతారు. కాకతీయ రాజుల సేనతో పోరాడి గుట్టలో మాయమైందని చెప్పుకునే కోయ తల్లికి ఈ లాంఛనం! వడ్డెలనే కోయ పూజారులు కుంకుమ భరిణె రూపంలో ఆమెను గద్దెకు, అంటే ఆమె కొలువుండే అరుగు మీదికి, తెస్తుంటే జనం ఒక్కసారిగా ఊగిపోయారు. గద్దెల మీద విగ్రహం లేదు, వెదురు కర్రలున్నాయి. నా ముందు నిలబడ్డ కోయ ముసలావిడ కేక వేయలేదు, చేతులు జోడించలేదు. "వచ్చింది" అని మాత్రం పక్కనున్న మనవరాలికి చెప్పింది, ఇంటికి ఆడబిడ్డ వచ్చినట్టు. కోటి మంది వచ్చే జాతరలో మేమంతా చుట్టాలమని అప్పుడు తోచింది. ఆమెది ఇల్లు.

ఇంటికొచ్చి రెండు రోజులకు ఎదురింటావిడ తెప్పించుకున్న పార్సిల్ వచ్చింది. ఆమె మోకాళ్లు అరిగిపోయి నడవలేదు. అందులోని బెల్లం మా అమ్మకు కొంచెం ఇచ్చింది. అమ్మ కళ్లకద్దుకొని, మేము తెచ్చినదాన్నీ దీన్నీ ఒకే డబ్బాలో పోసింది.