మర్రిగూడ దగ్గర చేతిపంపు

మాల్ అనే ఊరి దాకా బస్సు బాగానే వచ్చింది, అసలు తంటా అక్కణ్ణుంచే. నల్గొండ జిల్లా మర్రిగూడకి షేర్ ఆటో ఎక్కితే ఇంకో ఇద్దరు దొరికేదాకా కదలనన్నాడు. ముప్పావు గంట ఎండలో కూర్చోబెట్టి, చివరికి ఆదివారమని రెట్టింపు తీసుకున్నాడు. కోపం రాదా మరి? ఎవరైనా వివరాలు చేర్చగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కోసం ఊళ్లలో చిన్న మీటప్‌లు పెడుతున్నాం, స్పాన్సర్లు ఎవరూ లేరు, ఆటో నుంచి చాయ్ దాకా అంతా మా జేబులోంచే.

వచ్చింది ఏడుగురు. ఆరుగురు డిగ్రీ పిల్లలు, ఒక అంగన్‌వాడీ టీచర్. ఒకబ్బాయి వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మొదటి గంట అకౌంట్లకే పోయింది, ఎందుకంటే ఫోన్ కొన్నప్పుడు షాపువాడే మెయిల్ తెరిచి ఇచ్చాడు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. మీటప్ పెట్టే వాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, మెయిల్ సంగతి ముందురోజే ఫోన్ చేసి చూసుకోమనండి.

2004లో ఇంగ్లండ్‌లో ఈ మ్యాప్ ఎలా మొదలైంది, లైసెన్స్ ఏమిటి అని ఇరవై స్లైడ్లు తీసుకెళ్లాను. రెండో స్లైడ్‌కే ఒకమ్మాయి అడిగింది, "గూగుల్ మ్యాప్‌లో ఉన్నవి చూసి ఎక్కిస్తే అయిపోతుంది కదా సార్?" ఎక్కించకూడదు, అది వాళ్ల సొత్తు. మనం కళ్లతో చూసిందో, ఊరివాళ్లను అడిగి తెలుసుకుందో రాయాలి. ఆ మాట చెప్పాక ఇక అరుగు మీద కూర్చోవడంలో అర్థం లేదనిపించి లాప్‌టాప్ మూసేసి వీధిలోకి నడిచాం.

రెండో మలుపులో వేపచెట్టు కింద చేతిపంపు. ఎవరో ఎప్పుడో దాన్ని మ్యాప్‌లో బావిగా గుర్తుపెట్టి వదిలేశారు. ఈ మ్యాప్‌లో లేని వివరాలను ప్రశ్నలుగా అడిగే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ తెరిస్తే అక్కడొక ప్రశ్న: ఈ నీళ్లు తాగొచ్చా? నాలుగు సార్లు కొట్టగానే తళతళమని నీళ్లొచ్చాయి. మాది పెద్దపల్లి వైపు, చిన్నప్పుడు బడి నుంచి వస్తూ దారిలో ఏ పంపు కనబడినా దోసిలి పట్టేవాళ్లం, తాగొచ్చా అని అడగాలన్న ఊహే ఉండేది కాదు. అవును అని నొక్కబోతున్నాను.

పక్కన బట్టలు పిండుతున్న అవ్వ తలెత్తింది. "గా నీళ్లు ఎవలు తాగుతరు బిడ్డా? బట్టలకు, బర్లకు. తాగే నీళ్లు నల్లాల వస్తయి."

లేవడానికి పంపు పిడి పట్టుకుంది. మోకాళ్లు సాగలేదు, నడుం సగం వంగే ఉంది, టీచర్ వెళ్లి రెక్క పట్టుకుంది. "వయసులో ఇవే తాగినం" అంది అవ్వ, అదేదో మామూలు సంగతైనట్టు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఎముకల్ని వంచేసే ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 'నల్గొండ టెక్నిక్' అంటారని ఎప్పుడో చదివాను. జిల్లా పేరు ఆ పద్ధతికి ఎందుకొచ్చిందో ఆ మోకాళ్లు చూసేదాకా నాకు బుర్రకెక్కలేదు.

కాదు అని నొక్కింది ఆ టీచరే. అక్కడ సిగ్నల్ లేదు, యాప్ దాచిపెట్టుకుని మెయిన్ రోడ్డుకి రాగానే పంపింది. ఆ తర్వాత పిల్లల్ని ఆపడం మా వల్ల కాలేదు. పొద్దు వాలేదాకా పంపులు వెతికారు, ప్రతి చోటా పక్కింటి తలుపు కొట్టి అడిగారు. ఎక్కడా తమంతట తాము జవాబు నొక్కలేదు. హైదరాబాద్‌లో ఏసీ హాల్లో అరవై మందితో పెట్టిన మీటప్‌లలో ఒక్కసారి కూడా ఇది చూడలేదు, అందుకే ఇకమీద ఏడుగురు చాలంటాను.

రాత్రి ఎల్బీనగర్‌లో దిగేసరికి ఆ గూగుల్ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చి ఉంది. "సార్, అవ్వ వాళ్ల వీధికి బోర్డు లేదు. మేమందరం వేపచెట్టు బజార్ అంటం. అదే రాయొచ్చా?"

అదే రాయమన్నాను.