ఆకులోని వగరు ఎక్కడికి పోయింది? (నా అనుభవం)

ఆకు కుళ్ళి మట్టిలో కలుస్తుందని అందరికీ తెలుసు. అందులో ఏది ముందు పోతుంది, ఏది ఎన్నాళ్ళు మిగులుతుంది అని కొలవడానికి కూర్చున్నాకే నాకు అసలు పని అర్థమైంది.

రాలిన ఆకులు ఏరి, ఆరబెట్టి (40 డిగ్రీలు దాటనివ్వకండి, వేడెక్కితే ఆకులోని వగరు పదార్థం, అంటే టానిన్, అప్పుడే బిగుసుకుంటుంది), 10 గ్రాముల చొప్పున నైలాన్ వల సంచుల్లో కుట్టి అడవి నేల మీద పరిచాను. నెలకోసారి కొన్ని తెచ్చి తూచాలి. నా దృష్టంతా ఆ టానిన్ మీదే, పచ్చికాయ కొరికితే తగిలే వగరు అదే. అది లాలాజలంలోని ప్రొటీన్‌ని పట్టేసుకుంటుంది కాబట్టే మనకు వగరుగా ఉంటుంది. ఈ సంగతి తెలిసి కూడా తర్వాత దాన్ని పట్టించుకోలేదు.

రెండో నెలలో కొన్ని సంచులు మొదటి నెలవాటి కన్నా ఎక్కువ తూగాయి! ఒకటే టెన్షన్. తీరా చూస్తే వానకి చిమ్మిన మట్టి లోపల చేరింది. బ్రష్‌తో దులిపినా పూర్తిగా పోదు, అందుకే కొంత నమూనాని 550 డిగ్రీల దగ్గర కాల్చి, బూడిదని బట్టి మట్టి బరువు తీసేయాలి. ఆకుకి తన బూడిద కూడా ఉంటుంది కాబట్టి దాన్ని ముందే కొలిచి పెట్టుకోవాలి.

మూడో నెలలో అసిటోన్, నీళ్ళు కలిపి తీసిన సారంలో టానిన్ దాదాపు సున్నా. వానకి కొంత కారిపోయింది, మిగతాది సూక్ష్మజీవులు తినేశాయి అని రాసేశాను. సీనియర్ అక్క చూసి, "సారంలో లేకపోతే ఆకులో లేనట్టేనా? పిప్పి పారేశావా?" అంది.

అదృష్టం, పారేయలేదు. దానికి బ్యుటనాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, గొట్టాలకి మూత బిగించి 95 డిగ్రీల నీళ్ళలో గంట ఉంచాను (టానిన్ ఉంటే ఎర్రబడుతుంది). మట్టిరంగు ద్రవం మెల్లగా గులాబీకి తిరిగి, చివరికి దానిమ్మ గింజంత ఎర్రబడింది. పరచకముందు దాచిన ఆకు పిప్పి పక్క గొట్టంలోనే ఉంది, అది లేత గులాబీ దగ్గరే ఆగింది. అంటే టానిన్ చాలావరకు ఆకులోనే ఉంది, ప్రొటీన్లకీ కణగోడలకీ అతుక్కుపోయి ద్రావకానికి దొరకలేదంతే. దాంతో పాటు ఆ ప్రొటీన్‌లోని నత్రజని కూడా చిక్కుకుపోతుంది, చెట్టుకి తొందరగా అందదు.

గట్టి పదార్థమే ఎక్కువకాలం ఉంటుందన్న నా నమ్మకమూ అక్కడే సడలింది. చెక్కని కుళ్ళబెట్టే తెల్లకుళ్ళు శిలీంధ్రాలు, చెక్కకి గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ని సైతం విప్పేస్తాయి, అదే ఇట్టే తినేయగల చక్కెర బంకమట్టి రేణువుకి అంటుకుంటే ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు.

పాత నమూనాలన్నీ మళ్ళీ చేశాను, మూడు వారాలు పట్టింది. ఇప్పుడు నా పట్టికలో టానిన్‌కి రెండు గడులున్నాయి: ద్రావకంలోకి వచ్చింది, పిప్పిలో మిగిలింది.