రెండు వైపుల నుంచి మొదలైన పద్దుల పుస్తకం

అజర్‌బైజాన్ రాజధాని బాకులో నేను అద్దెకున్న గది అయిదంతస్తుల పాత సోవియట్ భవనంలో, నాలుగో అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. ఇంటి యజమానురాలికి అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. చుట్టుపక్కల వాళ్ళలాగే నేనూ ఆవిడను ‘ఖాలా’ అనేవాణ్ణి. పిన్ని అని అర్థం. హైదరాబాదులో పెరిగినవాణ్ణి కనుక ఆ పిలుపు నాకు కొత్త కాదు. కలాన్ని అక్కడా దాదాపు కలం లాగే పలుకుతారు, పుస్తకం కితాబే. అయినా ఒక సాయంత్రం ఆవిడ బీరువాలోంచి తీసి చూపించిన పుస్తకంలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడకూ సగమే అర్థమవుతుందట.

అది వాళ్ళ నాన్నగారి పద్దుల పుస్తకం. ఆయన గాంజా అనే ఊళ్ళో పత్తి గిడ్డంగి గుమాస్తా. (ఆ ఊరికి 1935లో కీరోవాబాద్ అని పేరు పెట్టారు, 1989లో మళ్ళీ గాంజా అయింది.) ఒక చివర నుంచి తెరిస్తే 1927 నాటి లెక్కలు, అరబిక్ లిపిలో, కుడి నుంచి ఎడమకు. 1929 జనవరి నుంచి లాటిన్ లిపి తప్పనిసరి అన్నారు. ఆయన పుస్తకాన్ని తిరగేసి రెండో చివర నుంచి మొదలుపెట్టారు. కాగితం పారేసే రోజులు కావు. 1940 నాటికి లిపి మళ్ళీ మారింది, ఈసారి రష్యన్ అక్షరాలు. ఆ పేజీల్లో చేతిరాత పలక మీద దిద్దే పిల్లవాడి రాతలా ఉంది. పదమూడేళ్ళలో ఆయనది మూడో అక్షరాభ్యాసం. భాష మాత్రం అదే.

లిపి మార్చడమే తప్పని నేను అనను. అరబిక్ లిపిలో తమ అజర్‌బైజానీ భాష అచ్చులు ఇమడవని నాటకకర్త అఖుంద్‌జాదే 19వ శతాబ్దంలోనే మొత్తుకున్నాడు. 1926లో బాకులో జరిగిన తుర్కిక్ భాషల (అజర్‌బైజానీ, టర్కిష్ వంటి అక్కచెల్లెళ్ళ భాషల) మహాసభ లాటిన్ వైపు మొగ్గింది. ఆ అక్షరాలతోనే ఖాలా వాళ్ళ అమ్మ రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి కథ. 1928లో టర్కీ కూడా లాటిన్‌కు మారడంతో సరిహద్దుకు అటూ ఇటూ జనం ఒకరి పత్రికలు ఒకరు చదువుకునే వీలు కలిగింది. స్టాలిన్ ప్రభుత్వానికి అది కంటగింపు. 1937లో మహాసభ పెద్దల్లో ఒకరైన బెకిర్ చోబన్‌జాదేను కాల్చి చంపారు. 1938 జనవరిలో కవి మికాయిల్ ముష్ఫిగ్‌ను. అరబిక్ అక్షరాలు ఇంట్లో కనబడితే ఏమవుతుందోనన్న భయంతో ఖాలా అమ్మమ్మ కొన్ని పుస్తకాలను బావిలో పడేసిందట. ఈ పద్దుల పుస్తకం బతికిపోయింది, పైకి కనిపించేది లాటిన్ వైపు కదా.

మా నాన్న విశాలాంధ్రలో కొనిచ్చిన పిల్లల పుస్తకాలు అదే మాస్కోలో చక్కని తెలుగు అక్షరాల్లో అచ్చయ్యేవి. ఆ సంగతి చెబితే ఖాలా చాలాసేపు నవ్వారు. “మీ అక్షరాల జోలికి రాలేదన్నమాట!”

ఖాలా నాన్నగారు 1942లో క్రిమియాలోని కెర్చ్ యుద్ధంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. త్రికోణంగా మడిచిన ఆయన చివరి ఉత్తరం కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అది లాటిన్‌లో రాశారు. రష్యన్ అక్షరాలు వచ్చి రెండేళ్ళు దాటినా, భార్యకు చదవడం వచ్చినవి లాటిన్ అక్షరాలే మరి. ఖాలా చదువంతా రష్యన్ అక్షరాల్లో సాగింది. 1991 డిసెంబరులో చట్టం లాటిన్‌ను తిరిగి తెచ్చేసరికి ఆవిడకు యాభై దాటాయి. దుకాణాల బోర్డులు చదువుతారు గాని, ఆ చేతిరాత దగ్గర కళ్ళు నిలవవంటారు.

అందుకే ఆ సాయంత్రం ఉత్తరం చదివింది పదిహేనేళ్ళ మనవడు. ఇప్పుడు లేని పాత అక్షరాలు అడ్డం వచ్చినప్పుడల్లా తడబడ్డాడు. ఇంగ్లిషు ‘ఈ’ని తలకిందులు చేసినట్టుండే అక్షరం దగ్గర మాత్రం ఎక్కడా ఆగలేదు. అది గట్టిపిండం. 1991లో తీసేసినా ఏడాది తిరిగేలోగా వెనక్కి తెచ్చుకున్నారు.

ఉత్తరంలో చలి గురించి ఉంది, చెల్లెలి పెళ్ళి గురించి ఉంది. చివర, నా కోటు దాచిపెట్టకు, అమ్మేసి పిండి కొను, అని ఉంది.

“అమ్మేశారా?” అని అడిగాను.

“లేదు” అన్నారు ఖాలా టీ గ్లాసులు తీస్తూ. “నన్ను బడిలో వేసిన ఏడు దాన్ని కత్తిరించి నాకు కుట్టింది.”