ఈశాన్యం మూల చెప్పుల స్టాండ్

మా ఫ్లాట్‌లో ఈశాన్యం మూల చెప్పుల స్టాండ్ పెట్టానని అమ్మ రెండేళ్లుగా నన్ను సాధిస్తోంది. అరుణాచలం వెళ్దామన్నది కూడా తనే. పౌర్ణమి రద్దీ మావల్ల కాదని మామూలు రోజు చూసుకుని, కాట్పాడిలో రైలు దిగి బస్సెక్కాం.

తెల్లవారకముందే తూర్పు రాజగోపురం దగ్గర దణ్ణం పెట్టుకుని గిరి ప్రదక్షిణ మొదలుపెట్టాం. 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. కొండ ఎప్పుడూ మన కుడిచేతి వైపే. ఆ పక్కన సిద్ధులు నడుస్తారట, అందుకే మనం రోడ్డుకు ఎడమ వారగా నడవాలంటారు. దారి పొడవునా ఎనిమిది దిక్కులకు ఎనిమిది లింగాలు. అష్టదిక్పాలకులు తలా ఒకటి ప్రతిష్ఠించి కొలిచారని నమ్మకం.

ఇంద్ర లింగాన్ని గ్రిల్ సందుల్లోంచే చూశాం. అగ్ని లింగం దగ్గర అమ్మ దణ్ణం పెడుతూనే "వంటిల్లు" అంది. నవ్వాను గానీ, నాకు మాత్రం ఇంకెలా తెలుసు? ఆగ్నేయమంటే గ్యాస్ పొయ్యి, నైరుతి అంటే బీరువా. ఆ పేర్ల వెనక అగ్ని, నిరృతి ఉన్నారని ఇల్లు కట్టించేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది? దక్షిణం గుమ్మం అంటే బేరం దాకా కూడా రాని మనవాళ్లు ఇక్కడ యమ లింగం ముందు బుద్ధిగా లైన్లో నిలబడ్డారు. సగం మంది తెలుగే మాట్లాడుతున్నారు.

నిరృతి లింగం నాకు బాగా నచ్చింది. ఋగ్వేదంలో నిరృతి ఒక దేవత, ఆడది. నాశనం ఆమె పని, "మా దగ్గరికి రాకు, దూరంగా పో" అని వేడుకుంటారు. తర్వాతి కాలంలో మగ దిక్పాలకుడై నైరుతి మూలకి కాపలాకొచ్చాడు. వద్దనుకున్నదాన్నే కాపలా పెట్టుకోవడం మనవాళ్ల తెలివి.

వరుణ లింగం దాటేసరికి ఎండ ఎక్కింది. వాయు లింగం దగ్గర గాలి లేదు. నా కుడి మడమ మీద పొక్కు లేచింది. ఆ తర్వాత కుబేర లింగం. ఇక్కడ మాత్రం తోపులాటే, గుప్పిట్లో చిల్లర, కళ్లల్లో ఆశ. టిబెట్ బౌద్ధ మఠాల గుమ్మం దగ్గర నలుగురు దిక్కుల రాజుల బొమ్మలుంటాయి. వాళ్లలో ఉత్తరానికి వైశ్రవణుడు, అంటే మన కుబేరుడే. ఆయన చేతిలో ముంగిస ఉంటుంది, నోట్లోంచి రత్నాలు కక్కుతూ. ఆ మాట చెబితే అమ్మ, "ముంగిసా? పాపం, కడుపునొప్పేమో" అంది.

చివరిది ఈశాన్య లింగం. దాని పక్కనే శ్మశానం. మన ఇళ్లల్లో పూజగదో నీళ్ల సంపో తప్ప చీపురు కూడా పెట్టనివ్వని మూల అది. ఈశానుడు శివుడే కదా, ఆయనకి వల్లకాడు ఇల్లే మరి. అమ్మ మెట్టు మీద కూర్చుని అరికాల్లో గుచ్చుకున్న రాయి తీసుకుంటూ చాలాసేపు అటే చూసింది.

"చూశావా అమ్మా, ఈశాన్యంలో ఏముందో?" అన్నాను.

"చూశాను. ఆయనిష్టం ఆయనది. నువ్వు మాత్రం ఇంటికెళ్లగానే ఆ స్టాండ్ తియ్యి."